ఒక జాకీ, మూడు కాంబోలు: పోకర్‌లో రేంజ్ మీద ఈక్విటీ లెక్కగట్టే ప్రోగ్రామ్, నా ప్రాజెక్టు డైరీ

మొదటి శనివారం

నో-లిమిట్ హోల్డెమ్ అనే పోకర్ ఆటలో (ఒక్కొక్కరికి రెండు సొంత ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు) "నా హ్యాండ్ బలం ఎంత?" అని విడిగా అడిగితే జవాబు దొరకదు. ఎవరి మీద అన్నది కూడా చెప్పాలి. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. ఫ్లాప్ (బల్ల మీద పడే మొదటి మూడు ముక్కలు) రాకముందే ఇద్దరూ ఆల్-ఇన్ అయ్యారనుకోండి, అంటే చిప్స్ అన్నీ పెట్టేశారు. రెండుల జంటకి, ఆఫ్‌సూట్ (రెండూ వేరు గుర్తులు) ఆసు-రాజుకి పోటీ పడితే రెండుల జంటదే కాస్త పైచేయి. ఆ ఆసు-రాజు సూటెడ్ (రెండూ ఒకే గుర్తు) జాకీ-పది మీద అరవై శాతానికి దగ్గరగా గెలుస్తుంది. సరే, జాకీ-పదికి రెండుల జంట ఎదురైతే? అక్కడ జాకీ-పదే ముందుంటుంది. అంటే మూడు హ్యాండ్లూ గుండ్రంగా ఒకదాన్నొకటి ఓడిస్తున్నాయి. వీటిలో ఏది గొప్ప అని వరస పెట్టడం కుదరదు.

ఎదుటివాడి ముక్కలు ఎలాగూ మనకి కనిపించవు. అతను ఇంతవరకు ఆడిన తీరుని బట్టి అతని దగ్గర ఏమేం ఉండొచ్చో ఊహించగలం. ఆ మొత్తం గుంపే రేంజ్. ఆ గుంపులో ఒక్కొక్క హ్యాండ్ మీద మనం ఎన్నిసార్లు గెలుస్తామో లెక్కేసి, పాట్ (మధ్యలో పోగైన చిప్స్) సగం సగం పంచుకునే సందర్భాలని సగం గెలుపుగా కలిపి, సగటు తీస్తే వచ్చేది ఈక్విటీ. ఈ లెక్క చేసే ప్రోగ్రాములు ఇప్పటికే చాలా ఉన్నాయి. అయితే అవి 36.7 అనో 29.6 అనో ఒక అంకె చూపించి ఆగిపోతాయి. ఆ అంకెని ఏ కాంబోలు (అతని దగ్గర ఉండగల ఒక్కో రెండు ముక్కల జత) పైకి లాగాయి, ఏవి కిందకి తోశాయి అన్నది నాకు కనిపించాలి. అందుకే నాది నేను రాసుకుంటున్నాను.

ఆదివారాలు మా బావ ఇంట్లో ఆట ఉంటుంది. చిప్స్‌తోనే ఆడతాం, డబ్బు పెట్టం. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే పేకాట నిషేధం. 2025లో కేంద్రం దేశమంతటికీ వర్తించేలా చట్టం తెచ్చింది. ఈ ప్రోగ్రామ్‌ని నేను ఏ ఆన్‌లైన్ ఆటకీ తగిలించను. ఆట అయ్యాక కూర్చుని ఒక హ్యాండ్‌ని విప్పి చూసుకోవడానికే ఇది.

మొదటి పని లెక్క పెట్టడం. 52 ముక్కల్లోంచి రెండు తీసే విధానాలు 1,326. ఆటగాళ్ళు వీటినే 169 రకాలుగా కుదించి చెప్పుకుంటారు: 13 జంటలు, 78 సూటెడ్, 78 ఆఫ్‌సూట్. ప్రతి జంటలో 6 కాంబోలు, ప్రతి సూటెడ్‌లో 4, ప్రతి ఆఫ్‌సూట్‌లో 12 ఉంటాయి. 78, 312, 936 కలిపితే 1,326 సరిగ్గా వచ్చింది. రేంజ్‌ని లోపల 169 గళ్ళుగా కాకుండా 1,326 గళ్ళుగానే దాచాలని నిర్ణయించుకున్నాను. ఒక్కో గడిలో 0 నుంచి 1 వరకు ఒక బరువు ఉంటుంది, అతను ఆ కాంబోతో ఎన్ని సార్లు అలా ఆడతాడో చెప్పేది. ఎందుకన్నది ముందు ముందు తేలుతుంది.

ఆదివారం

ఈ రోజంతా హ్యాండ్‌కి ర్యాంకు ఇచ్చే భాగం మీదే కూర్చున్నాను. హోల్డెమ్‌లో ఏడు ముక్కల్లోంచి మంచి ఐదు ఎంచుకోవాలి. అలా ఎంచుకునే విధానాలు 21. అన్నీ చూసి పెద్దది తీసుకోవడం నెమ్మదైన దారి, కానీ అర్థమయ్యే దారి. అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ఐదు ముక్కల హ్యాండ్లు 25,98,960 ఉన్నా, ఆటలో గెలుపోటముల పరంగా నిజంగా వేరువేరైనవి 7,462 మాత్రమే. కాబట్టి ప్రతి హ్యాండ్‌కీ 1 నుంచి 7,462 వరకు ఒక అంకె ఇస్తే చాలు, ఆ తర్వాత పోల్చడం రెండు అంకెల పోలికే. ఆ అంకెని త్వరగా పట్టడానికి పాత చిట్కా ఒకటుంది. పదమూడు విలువలకీ 2, 3, 5, 7 అంటూ 41 వరకు ప్రధాన సంఖ్యలు ఇచ్చి, ఐదు ముక్కల సంఖ్యల్ని గుణించాలి. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యలుగా విడగొట్టే విధానం ఒక్కటే కాబట్టి, ముక్కలు ఏ వరసలో వచ్చినా లబ్ధం మారదు, వేరే విలువలతో అదే లబ్ధం రాదు. నాలుగు ఆసులు, ఒక రాజు ఉన్న హ్యాండ్‌కి లబ్ధం 10,45,53,157. 32 బిట్లలో హాయిగా పడుతుంది. స్కూల్లో నేర్చుకున్న కారణాంకాల పాఠం ఇంత పనికొస్తుంటే చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది.

సరిచూసే పద్ధతి తేలిక. అన్ని ఐదు ముక్కల హ్యాండ్లనీ ఒకసారి తిప్పి గుంపులు లెక్కపెట్టాలి. రాయల్ ఫ్లష్‌లు 4, మిగతా స్ట్రెయిట్ ఫ్లష్‌లు 36, నాలుగు ఒకే విలువవి 624, ఫుల్ హౌస్‌లు (ఒక విలువవి మూడు, ఇంకో విలువవి రెండు) 3,744, ఫ్లష్‌లు (ఐదూ ఒకే గుర్తు) 5,108, స్ట్రెయిట్‌లు (ఐదూ వరస విలువలు) 10,200, మూడు ఒకే విలువవి 54,912, రెండు జంటలు 1,23,552, ఒక జంట 10,98,240, ఏమీ లేనివి 13,02,540. అన్నీ అక్షరాలా కుదిరాయి.

ఏడు ముక్కలకీ ఇదే పరీక్ష పెట్టాను. మొత్తం 13,37,84,560 హ్యాండ్లు. ఐదు ముక్కల్లో సగానికి పైగా ఏమీ లేనివైతే, ఏడు ముక్కల్లో అవి 2,32,94,460 మాత్రమే, అంటే దాదాపు 17 శాతం. ఒక జంట ఉన్నవి 5,86,27,800. రివర్ (బల్ల మీద పడే ఐదో, చివరి ముక్క) దాకా వచ్చాక కనీసం ఒక జంట లేని చేయి అరుదుగానే కనిపిస్తుందన్న అనుభవానికి ఇదీ అంకె.

వారం మధ్యలో, రాత్రి

చిన్న నోట్. ఎక్కడ పూర్తిగా లెక్కపెట్టాలి, ఎక్కడ శాంపిల్ తీయాలి?

ఫ్లాప్‌కి ముందు ఎదుటివాడి దగ్గర ఏ రెండు ముక్కలైనా ఉండొచ్చంటే 1,225 కాంబోలు. ఒక్కోదానికీ 17,12,304 బోర్డులు (బల్ల మీద ఐదు ముక్కలు పడే విధానాలు). గుణిస్తే 209 కోట్ల 75 లక్షల పైచిలుకు. ఫ్లాప్ వచ్చాక అది 10,70,190కి పడిపోతుంది. టర్న్ (నాలుగో ముక్క) దగ్గర 45,540. రివర్ దగ్గర 990. ఫ్లాప్ తర్వాత శాంపిల్ తీయాల్సిన అవసరమే లేదు, ప్రతి సందర్భాన్నీ లెక్కపెట్టేయొచ్చు. ఫ్లాప్‌కి ముందు మాత్రమే మాంటే కార్లో, అంటే యాదృచ్ఛికంగా శాంపిల్ తీసి అంచనా కట్టడం. ఈ విభజనతో ప్రోగ్రామ్ చాలా సరళమైంది.

శనివారం

మాంటే కార్లో పద్ధతి పేకముక్కల దగ్గరే పుట్టింది. గణిత శాస్త్రజ్ఞుడు స్టానిస్లావ్ ఉలామ్ 1946లో జబ్బు చేసి కోలుకుంటూ సాలిటేర్ ఆడుకునేవాడు. ఆట పూర్తయ్యే అవకాశం ఎంతో సూత్రాలతో తేల్చే బదులు, వందసార్లు ముక్కలు పరిచి ఎన్నిసార్లు పూర్తయిందో లెక్కపెడితే సరిపోదా అని అతనికి తోచింది. కంప్యూటర్లు అప్పుడే వస్తున్నాయి. నేను చేస్తున్నదీ అదే: రేంజ్‌లోంచి ఒక కాంబో తీయడం, బోర్డు పంచడం, ఎవరు గెలిచారో రాసుకోవడం, మళ్ళీ మొదలుపెట్టడం.

ఎన్నిసార్లు పంచితే చాలు? ఈక్విటీ సగం దగ్గర ఉన్నప్పుడు పదివేల పంపకాలకి ప్రామాణిక దోషం అర శాతం. పది లక్షలకి 0.05 శాతం. వంద రెట్లు ఎక్కువ పంచితే దోషం పదో వంతు అవుతుంది. గెలుపు-ఓటమి లెక్కగా చూస్తే, ఇదే తరహా శాంపిల్‌తో పక్షపాతం లేని అంచనా ఏదీ ఇంతకన్నా తగ్గలేదు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదువుకున్న మన సి.ఆర్.రావు 1945లో చూపించిన హద్దు అదే, క్రామర్-రావు హద్దు అంటారు. ఆ హద్దుకి అటువైపు వెళ్ళాలంటే ప్రయోగాన్నే మార్చాలి. ఫ్లాప్ తర్వాత శాంపిల్ మానేసి అన్నీ లెక్కపెట్టడం అలాంటి మార్పే. ఫ్లాప్‌కి ముందు కూడా ఒక చిన్న మార్పు చేశాను: ఎదుటివాడి కాంబోని యాదృచ్ఛికంగా తీయకుండా, రేంజ్‌లో ప్రతి కాంబోకీ దాని బరువుకి తగినన్ని బోర్డులు కేటాయిస్తున్నాను. ఏ కాంబో ఎక్కువసార్లు పడింది అన్న అదృష్టం లెక్కలోంచి పోయింది.

తెలిసిన అంకెలతో పోల్చాను. ఆసుల జంట రాజుల జంట మీద దాదాపు 82 శాతం. యాదృచ్ఛికంగా వచ్చే హ్యాండ్ మీద ఆసుల జంట సగటున 85 శాతం. కుదిరాయి.

ఆదివారం, ఆటకి ముందు

1,326 గళ్ళు ఎందుకన్నానో ఇప్పుడు చెప్పొచ్చు.

నా దగ్గర రాణుల జంట. ఎదుటివాడు ఫ్లాప్‌కి ముందే ఆల్-ఇన్ అన్నాడు. అతను ఆసులు, రాజులు, ఆసు-రాజు, వీటితో తప్ప ఇలా చేయడనుకుందాం. ఆసులమీదా రాజులమీదా నాకు పద్దెనిమిది పంతొమ్మిది శాతం. ఆసు-రాజు మీద సూటెడ్ అయితే 54 దగ్గర, ఆఫ్‌సూట్ అయితే 57 దగ్గర. ఈ నాలుగు అంకెల్నీ కూడి నాలుగుతో భాగిస్తే 37 వస్తుంది. కానీ ఆసులు 6 కాంబోలు, రాజులు 6, సూటెడ్ ఆసు-రాజు 4, ఆఫ్‌సూట్ ఆసు-రాజు 12. ఆ బరువులతో సగటు తీస్తే 40. రకాల్ని లెక్కపెట్టడానికీ కాంబోల్ని లెక్కపెట్టడానికీ మధ్య మూడు శాతం తేడా.

అతను ఆసు-రాజుతో సగం సార్లే ఆల్-ఇన్ అంటాడంటే ఈ 40 కాస్తా 33-34కి దిగుతుంది. జాకీలు, పదులు కూడా కలిపితే 52కి ఎక్కుతుంది. నా చేతిలో ముక్కలు అవే, పాట్ అదే.

ఇంకో సంగతి. నా చేతిలో ముక్కలు అతని దగ్గర ఉండలేవు. నా దగ్గర రాణులు ఉన్నప్పుడు అతని ఆసు-రాజులకి తగ్గేదేమీ లేదు. అదే నా దగ్గర ఆసు-రాజు ఉంటే, అతని ఆసుల జంట 6 నుంచి 3కి, రాజుల జంట 6 నుంచి 3కి, ఆసు-రాజు 16 నుంచి 9కి పడిపోతాయి. 169 గళ్ళ పటం మీద ఇది కనిపించదు. కాంబోల పటం మీద గళ్ళు ఆరిపోవడం కళ్ళకి కనిపిస్తుంది. తెర మీద ఆ గళ్ళని బూడిద రంగులోకి మార్చే కోడ్ రాశాను. చిన్న పనే, కానీ ఇంతవరకు రాసినదాంట్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే.

సోమవారం

ఇద్దరికీ రేంజ్‌లు ఉన్నప్పుడు ఒక జాగ్రత్త. ముందు నా హ్యాండ్ తీసి, ఆ తర్వాత దానితో ఢీకొట్టని అతని హ్యాండ్ తీస్తే లెక్క వంకరపోతుంది. నా రేంజ్ ఆసులు, ఏడుల జంట. అతనిది ఆసులు మాత్రమే. నా ఏడులకి 6 కాంబోలు, ప్రతిదానికీ అతని 6 కలిపి 36 జతలు. నా ఆసుల్లో ప్రతి కాంబోకీ మిగిలిన రెండు ఆసులతో అతనికి ఒక్కటే, అంటే 6 జతలు. మొత్తం 42లో నాకు ఆసులు ఉండేది 6 జతల్లో, ఏడో వంతు. ఒకరి తర్వాత ఒకరికి తీస్తే అది సగం అని వస్తుంది. ఇద్దరివీ కలిపి ఒకేసారి తీయాలి, ఢీకొడితే రెండూ వదిలేసి మళ్ళీ తీయాలి. అలాగే రాశాను.

తర్వాతి ఆదివారం, ఆట అయ్యాక

ఈ రోజు బావ ఒక హ్యాండ్ పట్టుకొచ్చాడు. మూడు గంటలు దాని మీదే గడిచింది. వివరంగా రాసుకుంటున్నాను.

బావ చేతిలో కళావరు రాజు, కళావరు జాకీ. ఫ్లాప్‌కి ముందు బావ రెయిజ్ చేస్తే (బెట్ పెంచితే) బిగ్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే బెట్ పెట్టాల్సిన స్థానంలో) ఉన్నాయన కాల్ చేశాడు, అంటే అంతే పెట్టి ఆటలో ఉన్నాడు. ఫ్లాప్ ఆటీను రాజు, ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఆరు. బావ బెట్, అతను కాల్. టర్న్ డైమండు నాలుగు, రివర్ కళావరు రెండు. ఇస్పేటు ఫ్లష్ రాలేదు. పాట్‌లో 100 ఉంది. అతను హఠాత్తుగా 100 బెట్ పెట్టాడు. బావ చాలాసేపు ఆలోచించి ఫోల్డ్ చేశాడు, ముక్కలు పడేశాడు. అతను ముక్కలు చూపించలేదు.

"ఏరా, నీ మెషీన్ ఏమంటుందో చెప్పు, కాల్ చేయాలా వద్దా?" అన్నాడు బావ.

"మెషీన్ చెప్పదు బావా, వాడి దగ్గర ఏముండొచ్చో ముందు నువ్వు చెప్పు" అన్నాను.

కాల్‌కి కావాల్సింది తేలిక లెక్క. 100 పెడితే మొత్తం పాట్ 300 అవుతుంది, కాబట్టి 33.3 శాతం గెలిస్తే నష్టం లేదు. రివర్ అయిపోయింది, ఇక రావాల్సిన ముక్క లేదు. అంటే ఈక్విటీ అన్నది ఇక్కడ పూర్తిగా కాంబోల లెక్కే. బావ చేయి అతని మంచి హ్యాండ్లన్నిటికీ ఓడుతుంది, బ్లఫ్‌లన్నిటినీ (ఏమీ లేకుండా భయపెట్టడానికి బెట్ పెట్టే హ్యాండ్లు) ఓడిస్తుంది.

మంచి హ్యాండ్లు మొదట. ఆసులు, రాజులు, ఆసు-రాజు ఉంటే ఫ్లాప్‌కి ముందే మళ్ళీ రెయిజ్ చేసేవాడు, అవి తీసేశాం. రాజు-రాణి: ఒక రాజు బోర్డు మీద, ఒకటి బావ చేతిలో, మిగిలినవి ఇస్పేటు, డైమండు రాజులు. ఒక్కోదానికీ నాలుగు రాణులు, మొత్తం 8. సెట్లు (చేతిలో జంట, అదే విలువ ముక్క ఒకటి బోర్డు మీద): తొమ్మిదులు 3, ఆరులు 3, నాలుగులు 3, రెండులు 3. సూటెడ్ రాజు-తొమ్మిది ఒక్కటే మిగిలింది, డైమండ్లది. ఇస్పేటు ఐదు-మూడు స్ట్రెయిట్ అయింది, 1. మొత్తం 22.

బ్లఫ్‌లు: తప్పిపోయిన ఇస్పేటులు. ఆసుతో జాకీ, పది, ఎనిమిది, ఏడు, ఐదు, మూడు, ఇవి ఆరు. రాణి-జాకీ, రాణి-పది, జాకీ-పది, పది-ఎనిమిది, ఎనిమిది-ఏడు, ఇవి ఐదు. మొత్తం 11. అతను రాజు-జాకీతో గానీ బోర్డు మీది తొమ్మిదితో ఒక జంట అయిన మధ్య రకం చేయితో గానీ ఇంత బెట్ పెట్టడు, చెక్ చేస్తాడు (బెట్ పెట్టకుండా వదిలేస్తాడు) అన్నాడు బావ. ఒప్పుకున్నాను.

33లో 11. సరిగ్గా 33.3 శాతం. ఇద్దరం తెర వంక చూస్తూ ఉండిపోయాం. కాల్, ఫోల్డ్ రెండూ ఒకటే.

అప్పుడు బావ అన్నాడు, "అయినా రెండుల జంట ఎందుకు పెట్టావ్? రాజు-తొమ్మిది-ఆరు ఫ్లాప్ మీద నా బెట్‌కి వాడు రెండులతో ఉండడు. అక్కడే పడేస్తాడు." నిజమే. రివర్‌లో సెట్ కావాలంటే అతను ఫ్లాప్ దాటి రావాలి. 3 కాంబోలు తీసేస్తే 30లో 11, అంటే 36.7. ఇప్పుడిది కాల్.

ఇక నేను ఈ వారమంతా మర్చిపోలేని సంగతి. సరదాకి బావ జాకీని కళావరు నుంచి ఇస్పేటుకి మార్చి చూశాను. రాజుల జంట అదే, కిక్కర్ (జంట పక్కన లెక్కలోకి వచ్చే ముక్క) అదే, పోకర్ పుస్తకంలో ఏ పట్టిక చూసినా ఒకే బలం. కానీ ఇస్పేటు జాకీ బావ చేతిలో ఉంటే అతని దగ్గర ఆసు-జాకీ, రాణి-జాకీ, జాకీ-పది ఇస్పేటులు ఉండే వీల్లేదు. బ్లఫ్‌లు 11 నుంచి 8కి పడ్డాయి. మంచి హ్యాండ్లు 19 అలాగే ఉన్నాయి. 27లో 8, అంటే 29.6. ఇది ఫోల్డ్. గెలుపోటముల్లో ఏ పాత్రా లేని ఒక జాకీ గుర్తు నిర్ణయాన్ని తిప్పేసింది.

"అంటే వాడు ఏ ముక్కలతో బ్లఫ్ చేస్తాడో అవి నా చేతిలో ఉండకూడదన్నమాట" అన్నాడు బావ. అంతే.

ఆ తర్వాత ఇద్దరం రేంజ్‌ని అటూ ఇటూ లాగి చూశాం. ఆసుతో ఎనిమిది, ఏడు, మూడు ఇస్పేటులు ఉంటే అతను రివర్‌లో వదిలేసి చెక్ చేసే మనిషి అనుకుంటే మళ్ళీ 29.6. లేదూ, మిగతా మూడు గుర్తుల ఎనిమిది-ఏడుతో కూడా స్ట్రెయిట్ కోసం వచ్చి తప్పిపోయి బ్లఫ్ చేసే మనిషి అనుకుంటే 33లో 14, అంటే 42.4. ప్రతి తప్పిపోయిన చేయితోనూ సగం సార్లే ధైర్యం చేస్తాడంటే 24.5లో 5.5, అంటే 22.4.

ఇక్కడ మాంటే కార్లో లేదు, శాంపిల్ దోషం లేదు, ప్రతి అంకె ఖచ్చితం. అయినా మూడు కాంబోలు అటో ఇటో పోతే జవాబు పదమూడు శాతం ఊగుతోంది. ఫ్లాప్‌కి ముందు లెక్కలో 0.05 శాతం దోషాన్ని ఇంకా తగ్గించడానికి రాయాలనుకున్న కోడ్ అంతా పక్కన పెట్టేశాను. ప్రోగ్రామ్ శ్రమ పడాల్సింది రేంజ్ దగ్గర.

బుధవారం

అందుకని తెర మీద చూపించేది మార్చాను. ఒక్క అంకె బదులు ఇప్పుడు మూడు వరసలు వస్తాయి: ఇచ్చిన రేంజ్‌తో ఈక్విటీ, కాల్‌కి కావాల్సిన శాతం, ఆ గీత దాటడానికి ఎన్ని బ్లఫ్ కాంబోలు ఉండాలి. పాట్ అంత బెట్ పెడితే ప్రతి రెండు మంచి కాంబోలకీ ఒక బ్లఫ్ ఉండాలి. బావ హ్యాండ్‌లో 19 మంచివి, కాబట్టి 9.5 బ్లఫ్‌లు కావాలి. సగం పాట్ బెట్ అయితే 25 శాతం చాలు, మూడింటికి ఒకటి. ఆట మధ్యలో "36.7 శాతమా కాదా" అని ఎవరూ తేల్చుకోలేరు. "వాడి దగ్గర పది బ్లఫ్‌లు ఉంటాయా?" అన్న ప్రశ్నకి మాత్రం ఆటగాడు ఆలోచించి జవాబు చెప్పగలడు.

పెద్ద ఆటగాళ్ళు, కంప్యూటర్లు కూడా రివర్‌లో పాట్ అంత బెట్ పెట్టేటప్పుడు ఈ రెండుకి ఒకటి అనే నిష్పత్తి దగ్గరే ఉండాలని చూస్తారు. అలా ఉంటే ఎదుటివాడికి కాల్ చేసినా ఫోల్డ్ చేసినా ఒకటే అవుతుంది. 2017లో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళ పోకర్ ప్రోగ్రామ్ లిబ్రాటస్ నలుగురు ప్రొఫెషనల్స్‌ని 1,20,000 హ్యాండ్లలో ఓడించినప్పుడు, అది ఎదుటివాడి అలవాట్ల మీద ఆధారపడకుండా ఇలాంటి సమతూకాన్నే వెతికింది. మా ఆదివారం ఆటలో అంత సమతూకంగా ఎవరూ ఆడరు. అందుకే ఇక్కడ మనిషిని చూసి రేంజ్ కట్టడం లాభం.

శనివారం

టర్న్ దగ్గర ఇంకో ఉదాహరణ నడిపాను. సగటు ఎంత దాస్తుందో చూడటానికి.

బోర్డు: ఆటీను రాజు, ఆటీను ఏడు, కళావరు నాలుగు, ఇస్పేటు రెండు. నా దగ్గర ఆటీను ఆసు, ఆటీను జాకీ. ఇంకొక్క ముక్క రావాలి, మిగిలినవి 44.

అతని దగ్గర ఏడుల సెట్ ఉంటే: తొమ్మిది ఆటీన్లు మిగిలాయి, కానీ ఆటీను నాలుగు గానీ రెండు గానీ వస్తే నాకు ఫ్లష్, అతనికి ఫుల్ హౌస్. మిగిలినవి ఏడే. 15.9 శాతం. అతని దగ్గర ఇస్పేటు రాజు, డైమండు రాణి ఉంటే: తొమ్మిది ఆటీన్లూ పనికొస్తాయి, మూడు ఆసులు కూడా. 12 ముక్కలు, 27.3 శాతం. అతని దగ్గర ఆటీను రాణి-పది ఉంటే: ఇద్దరమూ ఫ్లష్ కోసమే ఉన్నాం, నా ఆసు ముందుంది. అతనికి రాణి గానీ పది గానీ జంట కావాలి, ఆ ముక్కలు ఆరు. మిగతా 38 నావే. 86.4 శాతం.

ఈ మూడూ సమానంగా ఉండొచ్చనుకుంటే సగటు 43.2. కానీ మూడింట్లో ఏ ఒక్కదాని మీదా నాకు 43 దగ్గర లేదు. ఒకదాని మీద బాగా ముందున్నాను, రెండింటి మీద బాగా వెనకున్నాను. నేను పెద్ద బెట్ పెడితే ఏవి ఫోల్డ్ అవుతాయి, ఏవి నిలబడతాయి అన్నది సగటులో లేదు. నిలబడేది సెట్ అయితే, కాల్ వచ్చిన క్షణం నా ఈక్విటీ 43 నుంచి 16కి పడిపోతుంది. కాబట్టి ఈక్విటీ పక్కనే ఒక చిన్న గ్రాఫ్ పెట్టాను. రేంజ్‌లో ఎంత భాగం మీద నాకు ఎంత శాతం ఉందో అది చూపిస్తుంది. మధ్యలో ఎత్తుగా ఉన్న గ్రాఫ్, రెండు చివర్లా ఎత్తుగా ఉన్న గ్రాఫ్, ఒకే సగటు ఇచ్చినా వేరువేరు ఆటలు.

ఆదివారం

రేంజ్ ఇచ్చే పద్ధతి కూడా మార్చేశాను. ఇదివరకు "పై 15 శాతం హ్యాండ్లు" అని ఒక స్లయిడర్ ఉండేది. దాన్ని తీసేశాను. రివర్‌లో పెద్ద బెట్ పెట్టే మనిషి దగ్గర పై 15 శాతం ఉండవు. బాగా మంచివి కొన్ని, అసలేమీ లేనివి కొన్ని ఉంటాయి, మధ్యవి చెక్ చేస్తాడు. ఇప్పుడు రేంజ్‌ని అంచెలంచెలుగా కడుతున్నాను. ఫ్లాప్‌కి ముందు కాల్ చేసే కాంబోలు ఏవి, వాటిలో ఫ్లాప్ బెట్‌కి ఎన్ని నిలబడతాయి, రివర్‌లో వాటిలో ఎన్ని బెట్ అవుతాయి. ప్రతి అంచెలో కాంబో బరువు తగ్గుతూ వస్తుంది, పెరగదు. రెండుల జంట లాంటివి ఫ్లాప్ అంచెలోనే సున్నా అయిపోతాయి, రివర్‌లో తిరిగి లేచి రావు. బావ వేలు పెట్టి చూపించిన విషయాన్ని ఇప్పుడు ప్రోగ్రామే అడుగుతుంది.

బావ తన వంతు పని మొదలుపెట్టాడు. ఆటలో చివరి దాకా వచ్చి ముక్కలు చూపించిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాస్తున్నాడు: ఎవరు, ఏ స్థానం నుంచి, ఎక్కడ ఎంత బెట్, చివరికి ఏ ముక్కలు. చూపించకుండా ఫోల్డ్ అయినవి ఇందులోకి రావు కాబట్టి బ్లఫ్‌లు తక్కువగా నమోదవుతాయని అతనికి చెప్పాను. "అయితే బ్లఫ్ చేసినవాళ్ళని ఆట అయ్యాక అడుగుదాంలే, మన వాళ్ళేగా, చెప్తారు" అన్నాడు. వచ్చే వారం ఆ నోట్‌బుక్‌లోని వరసల్ని కాంబో బరువులుగా మార్చే కోడ్ రాయాలి. ముందుగా రివర్‌లో పాట్ అంత బెట్ పెట్టిన సందర్భాలతోనే మొదలుపెడతాను.